రెక్సిన్ కోటపై హజరత్ వలి దండయాత్ర

వినుడు, వినుడు! వీరగాథ మొదలుపెట్టునప్పుడు ముందుగా నొక నదిని వర్ణించుట మావంటివారి ఆచారము. అందుకని పెన్న ఒడ్డునకు పోయితిని. ఇసుక యుండెను, ఇసుక మీద రెండు గాడిద లుండెను, నది మాత్రము లేదు. పోనిమ్మని చెరువును వర్ణింపబోతిని. శింగనమల చెరువంతటి చెరువే నెర్రెలు విచ్చి, నడిబొడ్డున మేకలు పండుకొని నెమరు వేయుచుండెను. మేఘములనైన వర్ణింతమని తల యెత్తితిని. మెడ పట్టినది తప్ప మేఘము కానరాలేదు. కావున నదీ తటాక మేఘ వర్ణనలు లేకయే ఈ గాథ నారంభించుచున్నాను. తప్పు నాది కాదు, ఆ యేటి కరువుది.

అది క్రీస్తుశకము వేయిన్ని తొమ్మిదివందల అరువదియైదవ సంవత్సరము. చండమార్తాండకిరణసంతప్తమై, శుష్కకూపశతసమన్వితమై, బుడ్డలనబడు వేరుసెనగ చేలు పూతకు రాకమునుపే మాడిపోయిన అనంతపుర మండలమున, పాతూరు అను పురాతన వీథీసముదాయమున, మసీదు వెనుక సందులో, ముందర మేక కట్టియుండు మిద్దె యొకటి కలదు. ఆ మేకను గుర్తుంచుకొనుడు. ఆ మిద్దెయే మన కథానాయకుడైన హజరత్ వలి నివాసము.

ఆతడు సూచీధరుడు, కర్తరీహస్తుడు, జట్కాసీట్లకు జన్మదాత, బస్సుసీట్లకు ప్రాణదాత. అంత దూరము పోనేల, రెక్సిన్ కోసి, కుట్టి, సీట్లకు అంటించి బ్రతుకువాడు. చింతగింజల పిండిని వడ్రంగులు వాడు వజ్రపుజిగురుతో కలిపి, అందులో తానెవ్వరికిని చెప్పని ఇంకొక వస్తువును వేసి, పొంగు రానిచ్చి ఆతడు పూసిన పూత యనగా సామాన్యమా? కళ్యాణదుర్గము దారిలో బస్సు గుంతలో పడి ఎగిరినప్పుడు ప్రయాణికులు సీటునుండి విడివడుదురు గాని, సీటునుండి రెక్సిన్ విడివడదు. ‘వలి అంటిస్తే ఊడదు’ అనునది ఆతని బిరుదము. రాజులిచ్చినది కాదు, డ్రైవర్లిచ్చినది. రాజులిచ్చినదానికంటె అదే మేలు.

ఇక శత్రుదుర్గము. అది వంటింటి అల్మారా. రెండు తలుపులు, లోపల అరలు, అరలలో ఉప్పు పప్పు కారములు, వాని వెనుక తరతరములుగా రాజ్యమేలుచున్న బొద్దింకల వంశము. తలుపులపై ఆపాదమస్తకము రెక్సిన్! ఒకనాడది దానిమ్మపండు రంగు. నేడు పొగయు జిడ్డును త్రాగి ఏ పండు రంగును కాదు. దానిని పీకి తలుపులకు ఆకుపచ్చ రంగు వేయవలెనని ఇల్లాలు కొనితెచ్చిన డబ్బా పోయిన పండుగనుండి అటక మీద తపస్సు చేయుచుండెను.

వంటింటిలో ఆ రెక్సిన్ అంటించిన మహానుభావుడెవడని అడుగుదురేమో. ఇంకెవడు, హజరత్ వలియే! ఆతని ఇల్లాలు మదీనాబీ, కూతురు నూర్జాన్‌ను కనుటకై చిలమత్తూరులోని పుట్టింటికి పోయినప్పుడు, ఆమె వచ్చుసరికి ఇల్లు మెరిసిపోవలెనని ముచ్చటపడి, బస్సుసీట్లలో మిగిలిన రెక్సిన్ తెచ్చి అంటించినాడు. ఆమె పసిబిడ్డతో గడపలో నిలువగా, "ఎట్లుండాది?" అని అడిగినాడు. అడిగినప్పుడాతని ముఖమున నున్న వెలుగు చూచి ఆమె నోట "బాగుండాది" అను మాట తప్ప ఇంకొకటి రాలేదు. ఆ ఒక్కమాటకు ఆ తల్లి ఎన్ని యేండ్లు నొచ్చుకొన్నదో ఆమెకే తెలియును.

ఏలయనగా, ఆ రెక్సిన్ క్రింద ఒక బీరతీగ కలదు. మదీనాబీ తండ్రి జమాల్ సాబ్ వడ్రంగి. చిన్ననాడు కూతురు చేతులు కడిగిన నీళ్లు పోసి పోసి గుడిసె మీదికెక్కించిన బీరతీగను జ్ఞాపకముంచుకొని, ఆమె పెండ్లికి చేసిన అల్మారా తలుపులపై ఆకాకునకు ఉలి పెట్టి ఆ తీగనే చెక్కి యిచ్చెను. తరువాత ఆయన కన్నులకు మసక క్రమ్మెను. కన్నులున్నప్పుడు చెక్కిన కడపటి పని యదియే.

ఒకనాటి ఉదయమున, హిందూపురము బస్సు కండక్టరు సందు మొదట నిలిచి ఒక కేక వేసి పోయెను. ఆ కేక విని మదీనాబీ, ప్రళయకాలమారుతమువలె వంటింటినుండి వెలువడి, సూదిలో దారమెక్కించుచున్న మగని యెదుట నిలిచి ఇట్లనియె:

"ఏమయ్యా, నాయన వస్తాండాడంట! కండ్ల డాక్టరుకు చూపించుకునేకి, మధ్యాన్నం బస్సుకే. ఆయప్పకు ఇప్పుడు ఏమీ కనపడదు, ఏదైనా చేత్తోనే చూస్తాడు. ఇంట్లో అడుగు పెడ్తానే అల్మారా యాడుండాదని అడుగుతాడు, చెయ్యి పెడ్తాడు. ఏం తగుల్తాది చేతికి? నీ రెక్సిను! నా పని అల్లునికి పనికిరాకపాయె అనుకుంటాడు. నోరు తెరిచి అనడు, మనసులో పెట్టుకోని పోతాడు. నాకేం వద్దయ్యా. ఆ తీగను ఆయప్ప ఇంగొక్కసారి చేత్తో చూసుకోవల్ల. అంతే నాకు కావాల్సింది."

ఈ పలుకులు చెవిసోకినంతనే మన వీరుని కన్నులెర్రబారెను, మీసము లేచెను, సూది క్రింద పడెను. వంటింటిలోనికి ఒక్క యంగలో దూకి, అల్మారా యెదుట రెండు కాళ్లు ఎడముగా నిలిపి, మేఘగంభీరస్వరమున — మేఘములెట్లుండునో మీకు జ్ఞాపకమున్నచో — ఇట్లు ప్రతిన బూనెను:

"ఓ రెక్సినూ! నిన్ను అంటించిండేది నేనే, పీకేది కూడా నేనే! మా మామ ఈ గడప తొక్కేలోపల నిన్ను ఒలిచి, చుట్ట చుట్టి, ఈదిలో పారేయకుంటే నా పేరు హజరత్ వలి కాదు! ఇంగ నేను సూది పట్టను, దారం ఎక్కించను!"

"ఏమప్పా వలీ, ఎవురితో కొట్లాట?" అనుచు అప్పుడు ద్వారమున నొక తలకాయ కనబడెను. ఆతడు జట్కా గంగాధరప్ప. సందు మొదట జట్కా నిలిపి, గిరాకీ లేనప్పుడెల్ల ఈ యింటి అరుగు మీద కూర్చుండుట ఆతని వృత్తిలో సగభాగము. సంగతి విని ఆతని ముఖము నల్లబడెను.

"ఊరుకోప్పా! నా జట్కా సీటు అంటించినోడివి నువ్వే కదా? ఇది ఊడిందని ఊర్లో తెలిస్తే, నా సీటు మీద ఎవురు కూర్చుంటారు? జారి పడ్తామని బయపడరా? నీ పేరేమి కావాల, నా బేరమేమి కావాల?"

చూచితిరా సంకటము! ఊడినచో వీథిలో పేరు పోవును, ఊడనిచో ఇంటిలో పేరు పోవును. ఇటువంటి ఇరుకున పడిన వీరుడు ముల్లోకములలో మరియొకడు కలడేని నాకు చూపుడు, వాని గాథయు నేనే చెప్పెదను, కూలి ఏమియు అడుగను. హజరత్ వలి ఒక్క క్షణము తల గోక్కొనెను. పిమ్మట, "పేరు పోతే పోనీ అన్నా. మామ చెయ్యి దానికంటే పెద్దది" అని కత్తి దూసెను.

అది రెక్సిన్ కోయు కత్తి. బస్సుల పాతసీట్లను చీల్చిచెండాడిన కత్తి. తలుపు మూలను గురిచూచి దానిని దూర్చి, పండ్లు బిగించి, పైకెత్తెను. అహో! పై తోలు మాత్రము వేలిగోరంత ముక్కలుగా రాలెను. అడుగు గుడ్డ చెక్కను పట్టుకొని, తల్లికొంగు పట్టిన బిడ్డవలె, విడువనే విడువలేదు. మరల దూర్చెను, మరల గోరంత. ఇట్లు పొద్దు మిద్దె మీదికెక్కువరకు పోరాడి, గోరంత ముక్కలు దోసెడు సంపాదించి, కత్తిమొన విరుగగొట్టుకొని వెనుకకు తగ్గెను.

"శభాష్ వలీ! ఊడల్యా!" అని అరుగు మీదినుండి గంగాధరప్ప చప్పట్లు చరచెను.

వీరుడోడినప్పుడు చప్పట్లు కొట్టు ప్రేక్షకుని నేనిదివరకెన్నడును చూడలేదు. కాని ఏమి చేయుదును, ఉన్నదున్నట్లు చెప్పుట నా పని.

అంతట హజరత్ వలి కత్తిని పారవైచి, పొయ్యి పక్కనున్న అట్లకాడను అందుకొనెను. మదీనాబీ "అది ఏంటికయ్యా!" అని అరచులోపలనే ఆ లోహదండము రెక్సిన్ అంచున దూరెను. ఇటు వీరుడు బరువు మోపెను, అటు జిగురు బిగువు చూపెను. నడుమ అట్లకాడ, ఏ పక్షమున నుండవలెనో తేల్చుకొనలేక, వంగి విల్లయ్యెను.

"మా అమ్మ ఇచ్చిన అట్లకాడ! ఇంగ దోసె ఎట్ల తిరగేసేది? నీ మీసంతోనా?" అని మదీనాబీ అడిగెను.

మూడవ యుద్ధము పటకారుతో జరిగెను. దానిని చెప్పుటకు నాకే సిగ్గగుచున్నది. అడుగుగుడ్డ అంచును పటకారుతో పట్టుకొని, ఒక కాలు గోడకు తన్నిపెట్టి, ముత్తాతలను తలచుకొని, హుమ్మని లాగెను. రెక్సిన్ రాలేదు, తలుపు పిడి వచ్చెను. పిడితో గూడ వీరుడు వెనుకకు పోయి, జొన్నపిండి తొట్టిలో కూర్చుండెను. లేచినప్పుడాతడు ఆపాదమస్తకము తెల్లనై, ముదుసలియై, కనుబొమలు సైతము పండి కనబడెను. తుమ్మెను. మరల తుమ్మెను. వీథిలోని మేక బెదరి త్రాడు తెంపుకొనబోయెను.

"ఊడల్యా! ఊడల్యా!" గంగాధరప్ప ఆనందమునకు మేరలేకుండెను. "వలీ, నీ అంటింపు అంటే అంటింపప్పా! ఊరంతా చెప్తా పో!"

"అన్నా, చెప్పుదువులే గానీ, బస్టాండుకు పోయి మా మామను పిలుచుకోని రా. నిదానంగా రా. పట్నమంతా చూపించుకోని రా."

"కండ్లు కనపడనాయప్పకు పట్నం ఏం చూపించేది?"

"గాలి చూపించు! ఏదో ఒకటి చూపించు పో అన్నా!"

గంగాధరప్ప జట్కా కట్టి పోయెను. ఆ గుఱ్ఱమునకు నిదానము నేర్పనక్కరలేదు, ఆ యేడు గడ్డి లేక అదే నేర్చుకొనియుండెను. ఇంటిలో మగడును ఆలును మిగిలిరి. హజరత్ వలి పిండి దులుపుకొనుచు నేలపై చతికిలబడెను. చెప్పుకొనిన కాని తీరదన్నట్లు చిన్నగొంతుకతో ఇట్లనియె:

"మదీనా, నా అంటింపుకు ఒకటే మందు. నీళ్లు. కాగే నీళ్లతో నానబెడ్తే అదే ఊడొస్తాది."

"ఎన్ని నీళ్లు?"

"రెండు తలుపులు కదా. నాలుగు కడవలన్నా కావల్ల."

మదీనాబీ నవ్వినది. ఆ నవ్వు వినదగినది కాదు. "నాలుగు కడవలంట! బావిలోకి దిగి, ఊట కాడ కూర్చోని, చిప్పతో ఎత్తి ఎత్తి పోసుకొచ్చిండేది ఒక్క కడవ. దాంట్లో నాయన కాళ్లు కడుక్కోవల్ల, నమాజుకు మొగం చేతులు కడుక్కోవల్ల, తాగల్ల. మనం సంగటి గెలకల్ల. నీ రెక్సినుకు నాలుగు కడవలు యాడ తెచ్చేది, ఆకాశాన్ని పిండేదా?"

వీరుడు తలవంచుకొనెను. శ్రోతలారా, ఇతర గాథలలో ఈ ఘట్టమున దేవతలు పూలవాన కురిపింతురు. మాకు పూలతో పనిలేదు, ఉత్తవాన కురిపించినను చాలును. ఎవ్వరును కురిపింపలేదు.

కొంతసేపటికి మదీనాబీయే లేచి, కడవ మూత తీసి, ఒక చెంబు ముంచెను. పొంగునంత ముంచి, ఒక గుక్కెడు మరల కడవలో వంపి, పొయ్యి మీద పెట్టెను.

"ఒక చెంబు ఇస్తా. నేను తాగాల్సింది అనుకో."

"ఒక చెంబుకు రెండు తలుపులు యాడ తడుస్తాయి మదీనా?"

"రెండు తలుపులు ఎవురు అడిగినారు? ఈడ." ఆమె కుడి తలుపు మీద, నడుమునకు కొంచెము పైన, తన అరచేయి పెట్టెను. "ఈడ ఒక ఆకుండాది. రెక్సిను కిందనే ఉబ్బుగా తగుల్తాది. పప్పు తీసుకునేకి వచ్చినప్పుడల్లా ఈడ చెయ్యి పెడ్తా నేను. నువ్వు చూసినావా ఎప్పుడన్నా?"

ఆతడు చూడలేదు. అన్నియేండ్లు చూడలేదు. ఆ మాటకాతని కంట నీరు తిరిగెను, జొన్నపిండి బుగ్గ మీద గీత పడెను.

అప్పుడు జరిగినది నాలుగవ యుద్ధము. శంఖములు లేవు, భేరులు లేవు, చప్పట్లు కొట్టుటకు గంగాధరప్పయు లేడు. హజరత్ వలి విరిగిన కత్తితో, అరచేయంత మేర, పై తోలును ఓపికగా గోకి రాల్చెను. మదీనాబీ పాత గుడ్డను కాగిన నీట ముంచి, వేళ్లు కాలుచున్నను మెల్లగా పిండి, అచ్చట అద్దిపట్టెను. చల్లారినచో మరల ముంచెను. పిండిన నీటి బొట్టు నేల పడకుండ ఆతడు క్రింద చెంబు పట్టెను. ఇట్లు ఒక చెంబు నీటిని వారు తిప్పితిప్పి వాడిన తీరు చూచినచో ఏ ఇంజనీరునకైనను కన్ను కుట్టును. చెంబడుగున మట్టి మాత్రము మిగులుసరికి, గుడ్డ అంచు కొంచెము మెత్తబడెను. వీరుడు గోటితో లేపెను. లేచెను! ఇంకొంచెము లేచెను! జిగురు తీగలు సాగుచు, విడువను విడువననుచు, కట్టకడపట విడిచెను. దాని క్రింద వేపచెక్కపై ఈనెలతో, అంచుల గంట్లతో, ఒక బీరాకు!

అంతలో సందులో గజ్జెలు మ్రోగెను. జట్కా వచ్చెను.

జమాల్ సాబ్ దిగెను. మదీనాబీ కాళ్లకు నీళ్లిచ్చెను. ఆయన సగమే వాడి, "చాల్లేమ్మా, దాచిపెట్టు" అని గడప దాటుచునే అడిగెను:

"యాడుండాదమ్మా నా అల్మారా?"

మదీనాబీ తండ్రి చేయి పట్టుకొని నడిపించెను. హజరత్ వలి గోడకంటుకొని, తానంటించినదానికంటె గట్టిగా అంటుకొని, నిలిచెను. ఆమె ఆ ముదుసలి చేతిని తిన్నగా తెచ్చి ఆకు మీద పెట్టెను. వ్రేళ్లు ఒక్కసారి ఆగెను. తరువాత ఈనె వెంబడి, అంచు వెంబడి, మెల్లమెల్లగా నడిచెను. ఒక గంటు దగ్గర బొటనవ్రేలు నిలిచెను.

"ఉలి జారిండేది ఈడనే," అనెను జమాల్ సాబ్. "నీ పెండ్లి ముందరి రోజు. అప్పుటికే మసక. కనపడక జారింది. ఎవురికీ చెప్పల్యా." ఆయన ముఖమంతయు నవ్వెను. మదీనాబీ కొంగు నోటికడ్డము పెట్టుకొని ఏడ్చెను.

ఇంతటితో గాథ ముగిసిన బాగుండును. కాని చేయి అన్న తరువాత ఒకచోట నుండదు. అది ఆకు దాటెను. అంచు దాటెను. రెక్సిన్ మీద పడెను. అటు తడిమెను, ఇటు తడిమెను, పైకి పోయెను, రెండవ తలుపునకు పోయెను.

"వస్తా వస్తా జట్కాలో సీటంతా తడిమినా," అనెను జమాల్ సాబ్. "ఒక్క మూల లేచిండేది లేదు. ఎవుడప్పా ఈ పనోడు అనుకుంటి. ఆ చెయ్యే కదా ఇది?"

"నేనే మామా," అనెను హజరత్ వలి.

"ఏంటికప్పా అంటించినావు?"

"మామా, నువ్వు మదీనాకు తీగ చెక్కి ఇచ్చినావు. నేనేమిచ్చినా? నాకు వచ్చిండేది ఈ పని ఒక్కటే, అదే ఇచ్చినా. నీ పనిని కప్పెడ్తాండానని అప్పుడు తోచల్యా. పొద్దన్నుంచి పీకుతాండా. రాల్యా."

"రాల్యా?" జమాల్ సాబ్ కనుబొమలు లేచెను. పనివానికి పనివాని సవాలు చెవిన పడిన తరువాత వయస్సేమి, కన్నులేమి? "ఏదీ, ఆ కత్తి ఇట్లియ్యి."

ఆయన కొన విరిగిన కత్తిని అంచున దూర్చెను. నలువదియేండ్లు చెక్కను లొంగదీసిన మణికట్టు తిప్పెను. నొక్కెను. ఎత్తెను. చొక్కా చేతులు పైకి మడిచి మరల ఎత్తెను. గోరంత ముక్క యొకటి ఎగిరి ఆయన గడ్డమున చిక్కుకొనెను.

"ఊడల్యా!" అని గంగాధరప్ప ద్వారమున గంతు వేసెను.

జమాల్ సాబ్ కత్తి పారవైచి పడిపడి నవ్వెను. "ఊడదు లేప్పా! ఇది ఊడేది కాదు!" పిమ్మట గాలిలో చేయి చాచి, అల్లుని భుజము దొరికించుకొని, పట్టుకొనెను. "వలీ, బిడ్డను ఇచ్చేటప్పుడు బయపడినా. సూదీ దారం పట్టుకోని తిరిగేటోడు, ఏం పట్టుకుంటాడో, ఏం ఇడిసిపెడ్తాడో అని. పట్టుకుంటే ఇడిసే చెయ్యి కాదు ఇది. ఇంగ పీకద్దు. తీగ యాడికీ పోదు, కింద నిద్రపోతాంది. నాకు ఈ ఆకు చాలు."

అటక మీది డబ్బా అప్పుడు తపస్సు చాలించి క్రిందికి దిగెను. రెండు తలుపులకు తెచ్చిన రంగులో మదీనాబీ ఒక వ్రేలు ముంచి, ఆ ఒక్క ఆకునకు పూసెను. పొగచూరిన రెక్సిన్ నడుమ అది తళతళ మెరిసెను.

"ఏం రంగేసినావమ్మా?" అని తండ్రి అడిగెను.

"పచ్చది నాయనా."

"ఎండిపోలేదు కదా?"

"లేదు నాయనా. నీళ్లు పోసినా కదా."

ఇట్లు కత్తిని, అట్లకాడను, తలుపు పిడిని, తొట్టెడు జొన్నపిండిని బలియిచ్చి, రెండు తలుపుల కోటలో అరచేయంత నేల గెలిచి, ఊడనిదానితో కీర్తిని, ఊడినదానితో సంసారమును నిలుపుకొనిన హజరత్ వలికి జయము! ఒక చెంబు నీటిని దానము చేసిన మదీనాబీకి అంతకు రెట్టింపు జయము! ఆ కరువుయేట అనంతపుర మండలమున పచ్చగా నున్న ఆకు ఎక్కడనైన కలదా అని ఎవరేని అడిగినచో, పాతూరులో మసీదు వెనుక సందులో, ముందర మేక కట్టియుండు మిద్దెను చూపుడు. పోయి చూచి రండు. మేకను మాత్రము లోపలికి రానీయకుడు.